గ్లాడ్‌స్టన్ నాన్నగారి చిట్టా పుస్తకం

నాలుగుసార్లు బ్రిటన్ ప్రధానిగా చేసిన విలియం గ్లాడ్‌స్టన్ పేరు హిస్టరీ చదివినవాళ్ళకి ఎక్కడో ఒకచోట తగిలే ఉంటుంది. ఈ పోస్ట్ వాళ్ళ నాన్న జాన్ గ్లాడ్‌స్టన్ గురించి. లివర్‌పూల్‌లో పెద్ద వ్యాపారి. 1833లో బ్రిటన్ పార్లమెంటు తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసింది కదా, ఆ చట్టం కింద ఈయనకి నష్టపరిహారంగా 1,06,769 పౌండ్లు మంజూరయ్యాయి. కరీబియన్ తోటల్లో ఈయన కింద ఉన్న 2,508 మంది మనుషులు ఇక "ఆస్తి" కారు కాబట్టి, ఆస్తి పోయిన యజమానికి పరిహారం. ఆ మనుషులకి ఒక్క పెన్నీ ఇవ్వలేదు సరికదా, "అప్రెంటిస్‌లు" అని కొత్త పేరు పెట్టి ఇంకొన్నేళ్ళు అదే తోటలో, అదే యజమాని దగ్గర, వారంలో ఎక్కువ గంటలు జీతం లేకుండా పనిచేయమన్నారు.

ఈ అంకెలు ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, పరిహారం పంచిన కమిషనర్లు రాసిన రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్ళు వాటిని ఆన్‌లైన్‌లో పెట్టారు, ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. నేను ఊరికే ఒకసారి చూద్దామని ఒక ఆదివారం మొదలుపెట్టి చీకటి పడేదాకా వదల్లేకపోయాను. పెద్ద వ్యాపారులు ఉంటారని అనుకున్నా, ఉన్నారు. కానీ చర్చి ఫాదర్లు, భర్త పోయిన ఆడవాళ్ళు, రిటైరైన మిలిటరీ ఆఫీసర్లు కూడా ఉన్నారు, ఒకరో ఇద్దరో బానిసలకి డబ్బు తీసుకున్నవాళ్ళు. మొత్తం 2 కోట్ల పౌండ్లు, అప్పటి బ్రిటన్ ప్రభుత్వపు ఏడాది ఖర్చులో దాదాపు 40 శాతం. ఎక్కువ భాగం అప్పు తెచ్చి ఇచ్చారు. ఆ అప్పుని తర్వాత వేరే బాండ్లలో కలుపుతూ, తిప్పుతూ, చివరికి 2015లో పూర్తిగా తీర్చారు. అంటే అప్పటిదాకా బ్రిటన్‌లో టాక్స్ కట్టిన మన తెలుగు డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్ళు కూడా జాన్ గ్లాడ్‌స్టన్‌లాంటి వాళ్ళకిచ్చిన పరిహారం బాకీ తీర్చడంలో తలో చెయ్యి వేశారన్నమాట. జీతం స్లిప్పులో ఆ కాలమ్ ఉండదనుకోండి.

ఈ జాన్ గ్లాడ్‌స్టన్ లివర్‌పూల్‌లో పుట్టలేదు, స్కాట్లండ్‌లో లీత్ అనే రేవులో ధాన్యం వ్యాపారి కొడుకు. 1787లో లివర్‌పూల్ చేరాడు. అప్పటికే ఆ ఊరు బానిసల వ్యాపారంలో లండన్‌నీ బ్రిస్టల్‌నీ దాటిపోయింది. 1699లో బయల్దేరిన "లివర్‌పూల్ మర్చంట్" అనే ఓడ ఆఫ్రికా నుంచి రెండొందల పైచిలుకు మందిని బార్బడోస్‌కి తీసుకెళ్ళిన దగ్గర్నుంచి, 1807లో ఈ వ్యాపారాన్ని నిషేధించేదాకా, లివర్‌పూల్ ఓడలు ఇలాంటి ప్రయాణాలు దాదాపు 5,000 చేశాయి. పది లక్షల పైన మనుషుల్ని మోశాయి. చివరి రోజుల్లో బ్రిటన్ బానిస ఓడల్లో నాలుగింట మూడు వంతులు ఈ ఒక్క ఊరివే.

ఇదేదో నలుగురు దుర్మార్గులు చేసిన పని అనుకుంటే చాలా తేలిగ్గా ఉంటుంది. కానీ ఒక్కో ఓడకి ఐదారుగురు, ఒక్కోసారి పదిమంది వాటాదార్లు. సరుకంతా అప్పు మీద ఎత్తేవాళ్ళు: తుపాకులు, ఇత్తడి గిన్నెలు, ఇనుప కడ్డీలు, పూసలు, సారా, అన్నిటికన్నా ఎక్కువ గుడ్డ. ఆఫ్రికా తీరంలో ఆ సరుకిచ్చి మనుషుల్ని కొని, కరీబియన్‌లో అమ్మి, అక్కడి నుంచి చక్కెర కొంత, మిగతాది హుండీల (ఇన్నాళ్ళకి ఇంత డబ్బు చెల్లిస్తామని రాసిచ్చే కాయితాలు) రూపంలో తెచ్చేవాళ్ళు, ఏడాది, రెండేళ్ళు, ఇంకా పై గడువు హుండీలు. ఆ హుండీలని నమ్మి డబ్బిచ్చేవాళ్ళు ఉండాలి కాబట్టి బ్యాంకులు వచ్చాయి. హేవుడ్ అనే కుటుంబం బానిసల వ్యాపారంలో సంపాదించి పెట్టిన బ్యాంకు, చేతులు మారి మారి, ఇవాళ బార్‌క్లేస్‌లో కలిసి ఉంది. తాళ్ళు పేనేవాడు, తెరచాపలు కుట్టేవాడు, ఓడ బిస్కెట్లు కాల్చేవాడు, ఇన్సూరెన్స్ రాసేవాడు, అందరి పొయ్యిలోకీ కట్టెలు అక్కడి నుంచే.

గుడ్డ అన్నాను కదా, అక్కడ కొంచెం ఆగాలి. పశ్చిమ ఆఫ్రికా తీరంలో వర్తకులు బేరం విషయంలో మహా గట్టివాళ్ళు, నాసిరకం అంటగడితే తీసుకునేవాళ్ళు కాదు. వాళ్ళకి కావలసింది ఇండియా నూలుగుడ్డ. గుజరాత్‌ది, బెంగాల్‌ది, మన కోరమండల్ తీరానిది. మచిలీపట్నం, నరసాపురం పక్కన మాధవాయపాలెం, గోదావరి పాయల్లో ఇంజరం, ఇవన్నీ ఈస్టిండియా కంపెనీ గుడ్డ కొన్న ఊళ్ళు. కంపెనీ అక్కడ కొని లండన్‌లో వేలం వేస్తే, ఆ వేలంలో కొన్న ఇండియా గుడ్డలో ఒక భాగం ఆఫ్రికా వెళ్ళే ఓడల్లోకి ఎక్కేది. మాంచెస్టర్ మిల్లులు మొదట్లో తయారు చేసిందే ఈ ఇండియా గుడ్డకి నకిలీ, ఆఫ్రికా మార్కెట్ కోసం. మన నేత పరిశ్రమని మాంచెస్టర్ దెబ్బతీసిన కథ మనం వంద సార్లు విన్నాం. అదే గుడ్డతో మనుషుల్ని కొన్నారన్న కథ మాత్రం నాకు ఏ పాఠంలోనూ చెప్పలేదు.

లివర్‌పూల్ వ్యాపారుల బుర్ర ఎలా పనిచేసేదో తెలియాలంటే జాంగ్ ఓడ సంగతి ఒక్కటి చాలు. యజమానుల్లో ముఖ్యుడు విలియం గ్రెగ్సన్, అంతకు ముందు ఆ ఊరికి మేయర్‌గా చేసినవాడు. 1781 చివర్లో ఆ ఓడ జమైకాని గుర్తుపట్టక దాటిపోయింది, నీళ్ళు తక్కువయ్యాయన్న సాకుతో 130 మందికి పైగా ఆఫ్రికన్లని బతికుండగానే సముద్రంలోకి తోసేశారు. జబ్బుతో చచ్చిపోతే ఇన్సూరెన్స్ రాదు, "సరుకుని కాపాడుకోవడానికి" కొంత పారేస్తే వస్తుంది, మనిషికి 30 పౌండ్ల చొప్పున. యజమానులు తిరిగొచ్చి క్లెయిమ్ వేశారు. 1783లో లండన్ కోర్టులో నడిచిన కేసు ఇన్సూరెన్స్ కేసే, హత్య కేసు కాదు. జ్యూరీ యజమానులకే డబ్బు ఇమ్మంది. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫువాళ్ళు పట్టుబడితే పెద్ద జడ్జి మాన్స్‌ఫీల్డ్ మళ్ళీ విచారించొచ్చు అన్నాడు. ఇది హత్య అని, బానిసత్వానికి వ్యతిరేకంగా పోరాడే గ్రాన్‌విల్ షార్ప్ దగ్గరికి పరిగెత్తి చెప్పింది ఒలాడా ఈక్వియానో, ఒకప్పుడు తనూ బానిసే. షార్ప్ హత్య కేసు పెట్టించాలని ఎంత తిరిగినా ఒక్కరినీ బోనెక్కించలేకపోయాడు.

ఆ ఊళ్ళో ఎదురు మాట్లాడినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళని మర్చిపోతే అన్యాయం. విలియం రాస్కో అనే లాయరు, లివర్‌పూల్ ఎంపీగా ఉండి 1807లో బానిసల వ్యాపారం రద్దుకి ఓటేశాడు. ఊరికి తిరిగొస్తే జనం గుంపుగా మీదపడ్డారు, మళ్ళీ పార్లమెంటు మొహం చూడలేదు.

మన గ్లాడ్‌స్టన్ దారి వేరు. ఈయన బానిస ఓడలు నడిపి పైకి రాలేదు. ధాన్యం, ఓడలు, ఇన్సూరెన్స్, ఆ తర్వాత అప్పులివ్వడం. కరీబియన్ తోటల యజమానులు చక్కెరని లివర్‌పూల్ వ్యాపారికి పంపేవాళ్ళు, ఆయన అమ్మిపెట్టి కమిషన్ తీసుకునేవాడు, తోటకి కావలసిన పనిముట్లూ బట్టలూ పంపి దానికీ కమిషన్, మధ్యలో అప్పు, దాని మీద వడ్డీ. పంట దెబ్బతిన్నా చక్కెర ధర పడినా తోట వ్యాపారి చేతికొచ్చేది, పొలంతోపాటు మనుషులు కూడా. గ్లాడ్‌స్టన్ 1803లో డెమెరారాలో (ఇప్పటి గయానాలో ఒక భాగం) ఇలా తాకట్టు మీద దిగాడు, 1812లో సక్సెస్ అనే తోటలో సగం వాటా, నాలుగేళ్ళకి మొత్తం. ఒకటొకటిగా వ్రీడ్-ఎన్-హోప్ లాంటి తోటలు ఇంకా కొన్నాడు. జీవితంలో ఒక్కసారి కూడా ఆ తోటల్లో కాలు పెట్టలేదు. మేనేజర్ రాసిన ఉత్తరాలు, లెక్కలు, చక్కెర పీపాలు, ఇవే ఆయనకి తెలిసిన డెమెరారా.

ఆ పీపాల వెనక పని ఏమిటో మనవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. అనకాపల్లి వైపు సీజన్‌లో బెల్లం గానుగ దగ్గర ఒక రాత్రి నిలబడితే తెలుస్తుంది, నరికిన చెరకు ఆగదు, రసం పులిసిపోతుంది, అందుకని గానుగా పెనమూ రాత్రీ పగలూ నడవాల్సిందే. డెమెరారాలో దానికి తోడు కొరడా. పైగా ఆ తీరం సముద్రమట్టం కన్నా పల్లం, కట్టలు పోసి కాలవలు తవ్వితే తప్ప సాగుకి రాదు. ఆ బురదంతా బానిసలు పారలతో ఎత్తిందే.

1823 ఆగస్టులో సక్సెస్ తోటలోనే తిరుగుబాటు మొదలైంది. నాయకుడి పేరు జాక్ గ్లాడ్‌స్టన్. యజమాని ఇంటిపేరే బానిసకి. రాజుగారు లండన్‌లో మనకేదో మేలు చేశారట, దొరలు దాచేస్తున్నారట అన్న మాట తోటల్లో పాకింది, అందులో కొంత నిజముంది, కొరడాని తగ్గించమంటూ లండన్ నుంచి ఉత్తర్వు వచ్చింది, గవర్నర్ బయటపెట్టకుండా తాత్సారం చేశాడు. పదివేల మంది పైగా లేచారు. విచిత్రం ఏమిటంటే వాళ్ళు చాలావరకు ఎవర్నీ చంపలేదు, దొరల్ని పట్టుకుని, అదే తోటలో బానిసల కాళ్ళకి వేసే కొయ్యల్లో బిగించి కూర్చోబెట్టారు. సైన్యం మాత్రం అలా చూసుకోలేదు, రెండొందల మందికి పైగా బానిసలు చచ్చిపోయారు. జాక్ తండ్రి క్వామినా, చర్చిలో పెద్దమనిషి, హింస వద్దని కొడుకుకి చెప్పినవాడు, ఆయన్ని కాల్చి శవాన్ని గొలుసులతో సక్సెస్ తోట ముందు రోడ్డు పక్కన వేలాడదీశారు. జాక్‌ని వేరే దీవికి పంపేశారు. ఆ చర్చి నడిపిన జాన్ స్మిత్ అనే ఇంగ్లీషు మిషనరీకి ఉరిశిక్ష వేశారు, క్షమాభిక్ష కాయితం వచ్చేలోపే జైల్లో జబ్బుతో పోయాడు. ఒక తెల్ల పాస్టరు చావు ఇంగ్లండ్‌లో పుట్టించిన అలజడి ఆ రెండొందల చావులు పుట్టించలేదు, ఇది కూడా రాసుకోవాలి.

అదే సమయంలో లివర్‌పూల్ పేపర్లలో ఒక వాదన నడిచింది. జేమ్స్ క్రాపర్ అనే క్వేకర్ (ఒక క్రైస్తవ శాఖ) వ్యాపారి బానిసత్వం పాపం, పైగా దండగ, ఇండియా చక్కెర కొనండి, అక్కడ కూలి ఇచ్చి పండిస్తారు అని రాశాడు. గ్లాడ్‌స్టన్ "మెర్కేటర్" అనే మారుపేరుతో బదులిచ్చాడు, వేడి దేశాల్లో నీగ్రోలు తప్ప ఎవరూ పనిచేయలేరనే బాపతు వాదనతో. క్రాపర్‌ని నేను మెచ్చుకుంటాను గానీ ఆయన అమ్ముకునేది ఇండియా చక్కెరే, దాంతోపాటు అమెరికాలో బానిసలు పండించిన పత్తి కూడా. ఇండియాలో అంతా స్వేచ్ఛా కూలీలే అన్నమాట ఇంకా పెద్ద అబద్ధం. 1833 చట్టం ఈస్టిండియా కంపెనీ రాజ్యాన్ని కావాలనే పక్కన పెట్టింది, ఇక్కడ బానిసత్వాన్ని కోర్టులు గుర్తించకూడదని చట్టం రావడానికి 1843 దాకా పట్టింది. వచ్చాక పాలేర్ల బతుకులు ఎంత మారాయో మన తాతల్ని అడిగితే చెప్పేవాళ్ళు.

1833 జూన్‌లో కొత్త ఎంపీ విలియం గ్లాడ్‌స్టన్ పార్లమెంటులో లేచి మాట్లాడాడు. మనం అనుకునే ఆ మహా లిబరల్ నాయకుడికి అప్పుడు 23 ఏళ్ళు. వ్రీడ్-ఎన్-హోప్‌లో పనిభారం వల్ల బానిసలు చచ్చిపోతున్నారని ఒకరు ఆరోపిస్తే, వాళ్ళ నాన్న మేనేజర్ తరఫున వకాల్తా పుచ్చుకుని మాట్లాడాడు. తర్వాత ఎన్నో ఏళ్ళకి బానిసల వ్యాపారాన్ని ఘోరమైన నేరం అని అన్నాడు, అది వేరే సంగతి.

ఇక నేను ఈ పోస్ట్ మొదలుపెట్టిన అసలు కారణం. పరిహారం ఖాయమైంది, అప్రెంటిస్ గడువు అయిపోతే తోటలో ఎవరుంటారన్న టెన్షన్ పట్టుకుంది పెద్దాయనకి. ఇండియా ఆయనకి కొత్తేం కాదు. కంపెనీ గుత్తాధిపత్యం పోయాక 1814లో లివర్‌పూల్ నుంచి కలకత్తాకి మొట్టమొదటి ప్రైవేటు ఓడ కింగ్స్‌మిల్‌ని పంపింది ఈయనే. కలకత్తాలో గిల్లాండర్స్, ఆర్బత్‌నాట్ అనే కంపెనీకి 1836 జనవరి 4న ఉత్తరం రాశాడు: మీరు మారిషస్‌కి కూలీల్ని పంపుతున్నారట, నాకూ ఓ వంద మందిని, వయసులో ఉన్న గట్టివాళ్ళని, ఐదు నుంచి ఏడేళ్ళ ఒప్పందం మీద పంపగలరా. ఆరు నెలల్లో జవాబొచ్చింది. పంపడానికి ఏ ఇబ్బందీ లేదు, వీళ్ళకి తాము వెళ్ళే చోటు ఎక్కడో, ప్రయాణం ఎంత దూరమో బొత్తిగా తెలియదు, అని. ఛోటానాగ్‌పూర్ కొండల్లోని ఆదివాసుల్ని కోతులతో పోల్చి రాసిన వాక్యం కూడా ఆ జవాబులో ఉంది. తెలియకపోవడాన్ని సరుకు నాణ్యతలా రాశారు చూడండి, నాకు ఈ మొత్తం వ్యవహారంలో కొరడా కన్నా ఈ ఉత్తరమే ఎక్కువ గుచ్చుకుంది.

విట్‌బీ, హెస్పరస్ అనే రెండు ఓడలు 1838 జనవరిలో కలకత్తా నుంచి 414 మందితో బయల్దేరి మే 5న డెమెరారా చేరాయి. దారిలో చనిపోయినవాళ్ళు పోగా 396 మంది దిగారు. నల్లవాళ్ళకి పూర్తి విముక్తి ఆగస్టు 1న, అంటే ఇంకా మూడు నెలలుంది. అదే తోట, అదే బారకాసులు. 1839లో జాన్ స్కోబుల్ అనే బానిసత్వ వ్యతిరేక ఉద్యమకారుడు వెళ్ళి చూస్తే, వ్రీడ్-ఎన్-హోప్‌లో పారిపోయి దొరికినవాళ్ళని కొట్టి గాయాల మీద ఉప్పునీళ్ళు రుద్దారన్న సాక్ష్యాలు దొరికాయి. కొట్టిన దుబాసీకి జైలు, జరిమానా పడింది. లివర్‌పూల్‌లో సంతకం చేసిన మనిషికి ఏమీ కాలేదు. ఐదేళ్ళ గడువు అయ్యేసరికి దాదాపు నాలుగో వంతు చనిపోయారు, మిగతావాళ్ళలో ఎక్కువమంది వెనక్కి వచ్చేశారు. గొడవై కొన్నాళ్ళు వలసలు ఆపారు, 1844లో మళ్ళీ తెరిచారు, ఆ తర్వాత 1917 దాకా ఒక్క బ్రిటిష్ గయానాకే 2,39,000 మంది దాకా వెళ్ళారు.

అందులో మద్రాసు రేవు నుంచి వెళ్ళినవాళ్ళు ఓ పదిహేను వేలు, తమిళులతో పాటు మన తెలుగువాళ్ళూ. గయానాలో అందర్నీ కలిపి మద్రాసీలు అన్నారు, అక్కడ కాళీమాయి గుళ్ళల్లో ఇప్పటికీ డప్పు కొట్టి వేపాకులతో మారియమ్మని పూజించేది వాళ్ళ వారసులే. మారిషస్‌కి అయితే కాకినాడ పక్కన కోరంగి నుంచే ఓడలు వెళ్ళాయి. గ్లాడ్‌స్టన్ మొదటి ఉత్తరంలో చూసి నేర్చుకుంది ఆ మారిషస్ పద్ధతినే. బానిసత్వం అంటే ఆఫ్రికావాళ్ళ చరిత్ర, మనకేం సంబంధం అనేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. ఒకే మనిషి, ఒకే గుమస్తాల చేత, ఒక పేజీలో పరిహారం జమ రాయించుకుని పక్క పేజీలో మన దేశపు మనుషుల్ని ఆర్డర్ పెట్టాడు. అయితే కూలీనీ బానిసనీ ఒకే గాటన కట్టకూడదు. ఒప్పందానికి గడువుంది, జీతముంది, తిరుగు ప్రయాణం ఉంది, పిల్లలు పుడితే యజమాని ఆస్తి కారు. ఈ తేడా చిన్నది కాదు, బానిసల వారసులు దీని గురించి పట్టుబడితే వాళ్ళది న్యాయమే.

జాన్ గ్లాడ్‌స్టన్ తోటలు వదిలించుకుని, డబ్బుని రైళ్ళలోకి మళ్ళించి, 1846లో బారోనెట్ బిరుదు తీసుకుని, 1851లో హాయిగా పోయాడు.

లివర్‌పూల్ ఇప్పుడు దాచుకోవట్లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. 1999లో కౌన్సిల్ క్షమాపణ చెప్పింది, 2007లో డాక్ దగ్గర బానిసత్వం మీద మ్యూజియం తెరిచారు. టౌన్‌హాల్ గోడ మీద ఆఫ్రికన్ తలలు, ఏనుగులు చెక్కిన శిల్పాలు అలాగే ఉన్నాయి, ఏ డబ్బుతో కట్టామో దాచుకునే అవసరం అప్పట్లో వాళ్ళకి కనపడలేదు. యూనివర్సిటీ హాస్టల్‌కి ఉన్న కొడుకు గ్లాడ్‌స్టన్ పేరు తీసేసి, అదే ఊళ్ళో జాతివివక్ష మీద జీవితమంతా కొట్లాడిన డొరొతీ కూయా పేరు పెట్టారు. కొడుకు చేసిన మంచి పోయిందని కొందరు గింజుకున్నారు. నాకైతే పేరు మార్చడం పెద్ద విషయం అనిపించదు, ఎందుకు మార్చారో అక్కడ చదువుకునే పిల్లలకి తెలిస్తే చాలు.

2023 ఆగస్టులో, తిరుగుబాటుకి 200 ఏళ్ళు నిండినప్పుడు, గ్లాడ్‌స్టన్ వారసులు కొందరు గయానా రాజధాని జార్జ్‌టౌన్ వెళ్ళి యూనివర్సిటీలో క్షమాపణ చెప్పారు, బానిసత్వానికీ, కూలీల్ని తెచ్చినందుకు కూడా. లక్ష పౌండ్లు ఇస్తామన్నారు. దేశాధ్యక్షుడు ఇర్ఫాన్ అలీ, ఆయన పూర్వీకులూ ఇండియా నుంచి వెళ్ళినవాళ్ళే, ఉత్త క్షమాపణతో సరిపోదు, పరిహారం కట్టాలన్నాడు. 1,06,769 పౌండ్లు అప్పటి విలువలో తీసుకున్నవాళ్ళ వారసులు, లక్ష పౌండ్లు ఇప్పటి విలువలో. లెక్క మీరే వేసుకోండి.

మే 5 గయానాలో ప్రభుత్వ సెలవు, అరైవల్ డే అంటారు. విట్‌బీ, హెస్పరస్ రేవుకి చేరిన తేదీ.